సముద్ర జీవుల కండరాలు, న్యూరోపెప్టైడ్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

పీత, రొయ్య, ఆల్చిప్ప, సముద్ర నత్త, స్టార్ ఫిష్, సముద్ర దోసకాయ. వెన్నెముక లేని ఈ జీవులు ఎలా కదులుతాయని అడిగితే చాలామంది "నాడి నుంచి సంకేతం వస్తుంది, కండరం ముడుచుకుంటుంది" అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. అది తప్పు కాదు, సగం మాత్రమే. అదే సంకేతానికి అదే కండరం పొద్దున ఒకలా, ఆకలేసినప్పుడు ఇంకోలా ఎందుకు స్పందిస్తుందో ఆ సగంలో లేదు. ఇక్కడి ప్రశ్నలన్నీ మిగతా సగం గురించే. ఎక్కువగా జువాలజీ విద్యార్థులు అడిగేవి, ఒకటి మాత్రం రొయ్యల రైతులు అడిగేది.

న్యూరోపెప్టైడ్ అంటే ఏమిటి? ప్రొటీన్‌కీ దీనికీ తేడా ఏమిటి?

నాడీకణాలు తయారుచేసి బయటికి వదిలే చిన్న అమైనో ఆమ్లాల గొలుసు న్యూరోపెప్టైడ్. ప్రొటీన్‌లో వందల అమైనో ఆమ్లాలుంటే, వీటిలో మామూలుగా నాలుగైదు నుంచి నలభై దాకా ఉంటాయి. కణం ముందు ఒక పొడవాటి ప్రొటీన్‌ను తయారుచేస్తుంది. ఎంజైములు దాన్ని కొన్ని గుర్తుల దగ్గర కత్తిరిస్తే ముక్కలుగా పెప్టైడ్‌లు బయటపడతాయి. చెరకు గడను కణుపుల దగ్గర నరికినట్టు అనుకోండి. ఒకే గడలో ఒకే రకం ముక్క చాలాసార్లు ఉండొచ్చు. సముద్ర కుందేలు అని పిలిచే నత్తలో ఎఫ్ఎమ్ఆర్ఎఫ్ అమైడ్ అనే పెప్టైడ్‌కు మూలమైన ప్రొటీన్‌లో ఆ వరస 28 సార్లు వస్తుంది.

కత్తిరించాక చాలావాటి చివర అమైడ్ అనే చిన్న రసాయన గుంపు చేరుతుంది. ఈ పేర్లలో చివర 'అమైడ్' అని పదేపదే కనిపించేది అందుకే. అది లేకపోతే చాలా పెప్టైడ్‌లను కణాల మీద వాటిని అందుకునే గ్రాహకాలు (రిసెప్టర్లు) గుర్తుపట్టవు.

అయితే కండరాన్ని కదిలించేది ఇవేనా?

చాలావరకు కాదు. "ముడుచుకో" అనే వెంటనే జరగాల్సిన ఆజ్ఞ వేరే రసాయనాలది. నత్తలు, ఆల్చిప్పల్లో చాలా కండరాలకు అది ఎసిటైల్‌కోలిన్. పీతలు, రొయ్యల్లో గ్లూటమేట్. అవి మిల్లీసెకన్లలో పని ముగిస్తాయి.

ఫ్యాన్‌కు స్విచ్ ఒకటి, రెగ్యులేటర్ ఒకటి ఉంటాయి కదా. పెప్టైడ్‌లు ఎక్కువగా రెగ్యులేటర్ పని చేస్తాయి. కణం పైపొరలోని గ్రాహకానికి అంటుకుని, లోపల సైక్లిక్ ఏఎంపీ లాంటి దూతలను పెంచో తగ్గించో, కండరం ఎంత గట్టిగా ముడుచుకోవాలి, ఎంత త్వరగా వదలాలి అన్నది మారుస్తాయి. ఈ మార్పు రావడానికి సెకన్లు పడుతుంది, వచ్చాక నిమిషాలపాటు నిలుస్తుంది.

మినహాయింపులు లేకపోలేదు. తోటల్లో తిరిగే ఒక నత్తలో ఎఫ్ఎమ్ఆర్ఎఫ్ అమైడ్ నేరుగా సోడియం ద్వారాన్నే తెరుస్తుందని 1995లో తేలింది. కొన్ని కండరాలను పెప్టైడ్ ఒక్కటే ముడిచేయగలదు కూడా. కానీ "పెప్టైడ్ అంటే కండరాన్ని కదిలించే రసాయనం" అని పరీక్షలో రాస్తే నేనైతే సగం మార్కులే వేస్తాను.

వీటిని మొదట ఎలా పట్టుకున్నారు?

ఓపికతో. అకశేరుకాల్లో మొట్టమొదట నిర్మాణం పూర్తిగా తెలిసిన న్యూరోపెప్టైడ్ రొయ్యది. ఉత్తరపు చల్లని నీళ్లలో పెరిగే పాండలస్ బొరియాలిస్ రొయ్య నుంచి ఫెర్న్‌లండ్, జోసెఫ్‌సన్ అనే శాస్త్రవేత్తలు 1972లో ఎనిమిది అమైనో ఆమ్లాల పెప్టైడ్‌ను తేల్చారు. అది రొయ్య ఒంటిమీది ఎర్ర రంగు కణాల్లో రంగును ఒకచోటికి పోగుచేస్తుంది. కండరాలతో దానికి సంబంధం ఉన్నట్టు అప్పుడు ఎవరూ అనుకోలేదు. ఆ సంగతి పీత పొట్ట దగ్గర మళ్లీ వస్తుంది.

1975లో ప్రొక్టోలిన్ వచ్చింది. ఇది సముద్రానిది కాదు, బొద్దింకది. 1,25,000 బొద్దింకల నుంచి తీస్తే చివరికి చేతికి దక్కింది 180 మైక్రోగ్రాములు. తర్వాత అదే పెప్టైడ్ పీతల్లో, లాబ్‌స్టర్లలో కూడా దొరికింది, అక్కడి కండరాల మీద దాని ప్రభావం బొద్దింకలోకన్నా ఆసక్తిగా కనిపించింది.

1977లో డేవిడ్ ప్రైస్, మైకేల్ గ్రీన్‌బర్గ్ సన్‌రే వీనస్ అనే గుల్ల నాడీముడుల నుంచి ఎఫ్ఎమ్ఆర్ఎఫ్ అమైడ్‌ను వేరుచేశారు. దాన్ని గుల్ల గుండె మీద వేస్తే గుండె గట్టిగా కొట్టుకుంది. అంతకు పదేళ్ల ముందు నుంచే అక్కడ ఏదో ఉందని తెలుసు, పేరు లేక 'పీక్ సీ' అనేవారు. పేరులోని ఒక్కో ఇంగ్లీషు అక్షరం ఒక్కో అమైనో ఆమ్లానికి గుర్తు: ఫినైలాలనిన్, మెథియొనిన్, ఆర్జినిన్, మళ్లీ ఫినైలాలనిన్, అంతే, నాలుగు. ఇలా ఆర్జినిన్, ఫినైలాలనిన్‌తో ముగిసే పెప్టైడ్‌లు తర్వాత జెల్లీ చేపల నుంచి మనిషి దాకా ఎక్కడ వెతికితే అక్కడ దొరికాయి.

ఒకే కండరానికి ఇన్ని రసాయనాలు ఎందుకు? ఒకటి చాలదా?

దీనికి సముద్ర కుందేలు మంచి జవాబు చెబుతుంది. ఇది అప్లీసియా అనే పెద్ద నత్త. సముద్రపు నాచును నాలుకలాంటి గరుకు పట్టీతో పట్టి లాగి తింటుంది. ఆ పట్టీని మూసే కండరానికి ముఖ్యంగా రెండు మోటారు నాడీకణాలు వెళ్తాయి, బి15, బి16. రెండూ ఎసిటైల్‌కోలిన్‌నే వదులుతాయి, దానితోనే కండరం ముడుచుకుంటుంది. న్యూయార్క్‌లో క్లాడియస్ వైస్ బృందం 1980ల నుంచి ఇదే కండరం వెంటపడి చూస్తే, వీటిలో పెప్టైడ్‌లు కూడా నిండి ఉన్నాయి. బి15లో చిన్న కార్డియోయాక్టివ్ పెప్టైడ్‌లు ఉన్నాయి, బి16లో మయోమాడ్యులిన్ ఉంది, రెండింటిలోనూ బుకాలిన్‌లు ఉన్నాయి.

ఇప్పుడు నత్తకు ఆకలి పెరిగింది, నమలడం వేగం పెంచాలి అనుకోండి. కండరం ఇంకా గట్టిగా ముడుచుకుంటే సరిపోతుందా? సరిపోదు. మూసే కండరం వదలకముందే తెరిచే కండరం లాగడం మొదలైతే రెండూ ఒకదానితో ఒకటి కుస్తీ పడతాయి, నోరు ఎటూ కదలదు. వేగంగా నమలాలంటే వేగంగా వదలాలి. బి15 వదిలే పెప్టైడ్‌లు సరిగ్గా ఈ పనే చేస్తాయి: ముడుచుకునే బలాన్ని పెంచుతూనే సడలే వేగాన్నీ పెంచుతాయి. నాడీకణం ఎంత ఎక్కువగా సంకేతాలు పంపితే పెప్టైడ్ అంత ఎక్కువగా విడుదలవుతుంది కాబట్టి, నమలడం పెరిగేకొద్దీ కండరం తనంతట తానే వేగానికి సిద్ధమవుతుంది. బుకాలిన్ మాత్రం నాడి చివర నుంచి వచ్చే ఎసిటైల్‌కోలిన్‌నే తగ్గిస్తుంది. అంటే యాక్సిలరేటర్, బ్రేకు ఒకే పెట్టెలో ఉన్నాయి. మయోమాడ్యులిన్ ఇంకా చిత్రం: తక్కువ మోతాదులో ముడుచుకోవడాన్ని పెంచుతుంది, ఎక్కువైతే తగ్గిస్తుంది.

ఆల్చిప్పను చేత్తో తెరవడం ఎందుకంత కష్టం?

ఆల్చిప్పల కండరాలకు 'క్యాచ్' అనే స్థితి ఉంది. ముడుచుకున్నాక దాదాపు శక్తి ఖర్చు లేకుండా గంటలపాటు అలాగే బిగిసి ఉండగలవు. తలుపు మూసి గడియ పెట్టినట్టు, ఇక పట్టుకుని నిలబడాల్సిన పని లేదు. దీన్ని ఎక్కువగా పరిశీలించింది మైటిలస్ అనే ఆల్చిప్పలో, రాయికి అంటుకునే దారాలను వెనక్కి లాగే కండరం మీద. ఎసిటైల్‌కోలిన్ ముడుస్తుంది, సెరటోనిన్ గడియ తీస్తుంది. సెరటోనిన్ వల్ల కండరంలోని ట్విచిన్ అనే ప్రొటీన్‌కు ఫాస్ఫేట్ చేరినప్పుడు పట్టు వదులుతుంది.

సెరటోనిన్ పెప్టైడ్ కాదు. కానీ జపాన్‌లో హిరోషిమా విశ్వవిద్యాలయానికి చెందిన మునియోకా బృందం ఇదే కండరం మీద పనిచేసే పెప్టైడ్‌లనూ 1980ల చివర్లో బయటపెట్టింది. క్యాచ్‌ను సడలించే ఏడు అమైనో ఆమ్లాల పెప్టైడ్ ఒకటి, ముడుచుకోవడాన్ని అణిచే మరికొన్ని. ఆ సడలించే పెప్టైడ్ చివర, పైన చెప్పిన మయోమాడ్యులిన్ చివర ఒక్కలాగే ఉంటాయి. ఒక నత్త నోటి కండరం, ఒక ఆల్చిప్ప లంగరు కండరం: రెండు చోట్లా ఒకే ఇంటిపేరు.

స్టార్ ఫిష్ పొట్టను బయటికి తీసి తింటుందంటారు, నిజమా?

నిజమే. ఉత్తర అట్లాంటిక్‌లో ఉండే ఆస్టీరియాస్ రూబెన్స్ ఆల్చిప్పను చేతులతో చుట్టేసి, గొట్టపు కాళ్లతో లాగి చిప్పల మధ్య సన్న సందు చేస్తుంది. ఆ సందులోంచి తన కడుపును తిరగేసి లోపలికి జొనుపుతుంది. ఆల్చిప్ప తన చిప్పలోనే అరిగిపోతుంది. పనయ్యాక కడుపు వెనక్కి వస్తుంది.

ఇందులో కండరం చేసే పని వదలడం. కడుపు గోడ కండరాలు సడలాలి, అప్పుడే ఒంట్లోని ద్రవం ఒత్తిడికి కడుపు బయటికి జారుతుంది. 1991లో స్టార్ ఫిష్‌ల నుంచి ఎస్1, ఎస్2 అనే రెండు పెప్టైడ్‌లను వేరుచేశారు, వీటిని సాల్మ్ఫమైడ్‌లంటారు. లండన్‌లోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయంలో మారిస్ ఎల్ఫిక్ బృందం వీటిని కడుపు ముక్క మీద వేసి చూస్తే కండరం సడలింది, ఎస్2 మరింత బలంగా. ఎస్2ను బతికున్న స్టార్ ఫిష్‌కు ఎక్కిస్తే, ఎదుట ఆల్చిప్ప లేకపోయినా కడుపు బయటికి వచ్చేసింది. ఈ ప్రయోగం చెప్పినప్పుడల్లా క్లాసులో నవ్వులు వస్తాయి.

మరి వెనక్కి రావడం? దానికి వేరే పెప్టైడ్ ఉంది. ఎన్‌జీఎఫ్ఎఫ్‌వై అమైడ్ కడుపు కండరాన్ని ముడుస్తుంది. బయటికి వచ్చి ఉన్న కడుపు దీన్ని ఎక్కిస్తే లోపలికి వెళ్లిపోతుందని 2013లో చూపారు. ముందుగానే దీన్ని ఎక్కించిన స్టార్ ఫిష్‌లు ఆల్చిప్పను తినడం ఆలస్యంగా మొదలుపెట్టాయి. 2019లో మూడోది చేరింది, ఆస్టరోటోసిన్. ఇది మన ఆక్సిటోసిన్ కుటుంబానికి చెందినది. ఇది కడుపును సడలించడమే కాదు, స్టార్ ఫిష్ ఎర మీద కూర్చున్నట్టు ఒళ్లు గూనుగా వంచి తినే భంగిమ కూడా పెట్టింది, కింద ఎర ఏమీ లేకుండానే. కండరం దగ్గర మొదలుపెట్టిన ప్రశ్న ఇక్కడికొచ్చేసరికి ప్రవర్తన గురించి అయిపోయింది.

సముద్ర దోసకాయ ముట్టుకుంటే రాయిలా ఎందుకు గట్టిపడుతుంది?

అది కండరం పని మాత్రమే కాదు. దాని చర్మం కింద మందంగా కొలాజెన్ అనే ప్రొటీన్ పొర ఉంటుంది. మన స్నాయువుల్లోని కొలాజెన్ ఎప్పుడూ ఒకే గట్టితనంతో ఉంటుంది. సముద్ర దోసకాయ, స్టార్ ఫిష్ జాతుల్లో మాత్రం నాడీ వ్యవస్థ చెప్పినట్టు క్షణాల్లో బిగుసుకుంటుంది లేదా మెత్తబడుతుంది. బిగిసిన భంగిమను నిలపడానికి కండరం అక్కర్లేదు కాబట్టి తిండి ఖర్చు చాలా తక్కువ.

జపాన్‌లో తినే అపోస్టికోపస్ జపోనికస్ నుంచి దీని మీద పనిచేసే పెప్టైడ్‌లు దొరికాయి. ఎన్‌జీఐడబ్ల్యూవై అమైడ్ ఒంటి పొరను బిగిస్తుంది, నిలువు కండరాలను ముడుస్తుంది. హోలోకైనిన్‌లు మెత్తబరుస్తాయి. స్టికోపిన్ అయితే ఎసిటైల్‌కోలిన్ తెచ్చే బిగువును అణుస్తుంది. ఆ బిగించే పెప్టైడే ఆడ జీవుల్లో గుడ్లను పక్వం చేసి విడుదల చేయించగలదు, అందుకే దాని మీద పెంపకందార్ల కన్ను పడింది. స్టార్ ఫిష్ కడుపును వెనక్కి లాగిన పెప్టైడ్‌కు ఇది దగ్గరి చుట్టం, పేర్లలో మొదటి రెండు అక్షరాలు చూడండి.

పీత పొట్టలో పళ్లున్నాయా? నాడీ శాస్త్రవేత్తలకు దాంతో పనేమిటి?

ఉన్నాయి, మూడు. పక్కలకు రెండు, మధ్యలో ఒకటి. నోట్లో సరిగ్గా నమలకుండా మింగింది పొట్టలో రుబ్బుకుంటుంది. ఆ పళ్లను, పొట్ట చివరి వడపోతను నడిపేది ఒక చిన్న నాడీముడి, స్టొమటోగాస్ట్రిక్ గాంగ్లియాన్. అందులో దాదాపు 30 నాడీకణాలే ఉంటాయి. దాన్ని కోసి తీసి ఉప్పునీటి గిన్నెలో పెడితే పొట్ట లేకపోయినా లయ కొడుతూనే ఉంటుంది. వడపోత లయ సుమారు సెకనుకోసారి, రుబ్బే లయ అంతకన్నా చాలా నెమ్మది.

ముప్పై కణాలు, వాటి మధ్య కనెక్షన్లన్నీ తెలుసు. అప్పుడు ఇది ఏం చేస్తుందో ముందే చెప్పేయొచ్చు అనుకున్నారు. అమెరికాలో బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో ఈవ్ మార్డర్ దశాబ్దాలుగా చేసిన పని ఆ ధీమాను కదిలించింది. నీరసంగా కొట్టుకుంటున్న గాంగ్లియాన్ మీద ప్రొక్టోలిన్ వేస్తే వడపోత లయ బలంగా పుంజుకుంటుంది. ఇంకో పెప్టైడ్ వేస్తే అదే గాంగ్లియాన్ ఇంకో తీరులో కొడుతుంది. తీగలు మారలేదు, రాగం మారింది.

1972లో రొయ్య రంగు మార్చే పెప్టైడ్ అని చెప్పుకున్నాం కదా, అది ఇక్కడ ప్రత్యక్షమవుతుంది. 1990లో డికిన్సన్, మెక్సాస్, మార్డర్ దాన్ని స్పైనీ లాబ్‌స్టర్ నాడుల మీద వేశారు. అప్పటిదాకా వేరువేరుగా నడిచే రెండు లయలు, పొట్ట ముందు సంచిదీ, రుబ్బే పళ్లదీ, కలిసిపోయి ఒకే కొత్త లయగా మారాయి. ఈ అంశం మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం ఇదే. రెండు యంత్రాలు అనుకున్నవి ఒక చుక్క పెప్టైడ్‌తో ఒకటైపోతే, యంత్రం అన్న మాటకే అర్థం మార్చుకోవాలి.

గుండె కథా ఇలాంటిదే. పీత గుండెను నడిపేది తొమ్మిది నాడీకణాలు. గుండె పక్కనే ఉన్న గ్రంథుల్లాంటి నాడీ అంగాల నుంచి 1987లో ఒడ్డు పీతలో తొమ్మిది అమైనో ఆమ్లాల కార్డియోయాక్టివ్ పెప్టైడ్ దొరికింది. అది రక్తంలోకి విడుదలై గుండె వేగం పెంచుతుంది.

నాడులే లేని జీవిలో న్యూరోపెప్టైడ్ ఉంటుందా?

వినడానికి వింతగా ఉన్నా, ఉంటుంది. ట్రైకోప్లాక్స్ మిల్లీమీటరు పరిమాణంలో ఉండే పలుచని సముద్ర జీవి. 1883లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ఒక అక్వేరియం గాజు మీద పాకుతూ కనిపించింది. నాడులు లేవు, కండరాలు లేవు, అడుగున ఉన్న సన్నని కేశాలు కొట్టుకుంటే జారుతూ వెళ్తుంది. నాచు తగిలితే ఒళ్లంతా ఒక్కసారి ఆగుతుంది. కొన్ని కణాలు వదిలే చిన్న పెప్టైడ్ కేశాలను ఆపేస్తుందని 2017లో తేలింది.

ప్లాటినెరీస్ అనే సముద్రపు పురుగు పిల్లలకు నాడులున్నాయి, కానీ అవి ఈదేదీ కేశాలతోనే. కేశాలు వేగంగా కొడితే పైకి లేస్తాయి, ఆగితే మునుగుతాయి. పెప్టైడ్‌లు ఈ కేశాల లయను మార్చి నీళ్లలో లోతును నిర్ణయిస్తాయని 2011లో జర్మనీలో గాస్పర్ యెకెలీ బృందం చూపింది. అంటే కదలికను సర్దే పనిలో పెప్టైడ్‌లకు కండరం తప్పనిసరి కాదు.

ఎంత మోతాదు కావాలి?

చాలా తక్కువ. సున్నితమైన కండరాలు నానోమోలార్ స్థాయికే స్పందిస్తాయి. ఎఫ్ఎమ్ఆర్ఎఫ్ అమైడ్ లెక్కలో అది లీటరుకు 0.6 మైక్రోగ్రాము. మేడ మీది 1000 లీటర్ల ట్యాంకులో 0.6 మిల్లీగ్రాము కలిపినట్టు. పాత రోజుల్లో కండరాన్ని దారంతో కట్టి, మసి పూసిన కాగితం చుట్టిన డ్రమ్ము మీద గీత గీయించి చూసేవారు. ఇప్పుడు దారం చివర ఎలక్ట్రానిక్ సెన్సార్ ఉంటుంది, మిగతాదంతా దాదాపు అదే: గిన్నె, ఉప్పునీళ్లు, కండరం, ఒక చుక్క.

కోన్ నత్త విషం కూడా న్యూరోపెప్టైడేనా?

పెప్టైడే, కానీ పని వేరు. అది ఎదుటి జీవి నాడులను దెబ్బతీయడానికి గ్రంథిలో తయారైనది, సొంత కండరాలను సర్దడానికి కాదు. కోనస్ మాగస్ నత్త విషంలోని ఒక పెప్టైడ్ జికోనోటైడ్ పేరుతో 2004లో అమెరికాలో తీవ్రమైన నొప్పికి మందుగా అనుమతి పొందింది.

రొయ్యల సాగుకు దీంతో ఏమైనా సంబంధం ఉందా?

హేచరీల్లో తల్లి రొయ్యలకు ఒక కంటికాడ తీసేయడం మీకు తెలిసే ఉంటుంది, ఐ అబ్లేషన్ అంటారు. ఆ కంటికాడలోని నాడీకణాలు అండాశయం ఎదుగుదలను ఆపే పెప్టైడ్ హార్మోన్‌ను తయారుచేస్తాయి. కాడ పోతే ఆ అడ్డు తగ్గి రొయ్య త్వరగా గుడ్లు పెడుతుంది. అయితే రక్తంలో చక్కెరను, పొలుసు వదలడాన్ని నియంత్రించే పెప్టైడ్‌లూ ఆ కాడలోనే తయారవుతాయి. రంగు మార్చే పెప్టైడ్ చోటూ అదే. ఒక్క కత్తిరింపుతో ఇవన్నీ తగ్గుతాయి. తల్లి రొయ్యలు త్వరగా నీరసించడం చూసి ఆశ్చర్యపోవాల్సిన పనిలేదు.

మనుషుల్లో కూడా ఇవే ఉన్నాయా?

ఇవే కాదు, చుట్టాలున్నాయి. ఆస్టరోటోసిన్‌కు మన ఆక్సిటోసిన్, వాసోప్రెసిన్. స్టార్ ఫిష్ కడుపును వెనక్కి లాగే పెప్టైడ్‌కు మన మెదడులోని న్యూరోపెప్టైడ్ ఎస్. కానీ చివరి రెండు అక్షరాలు కలిశాయని చుట్టరికం కలిపేయకండి. అంత చిన్న వరసలు విడిగా కూడా పుట్టుకురావచ్చు. గ్రాహకాలను, వాటి జన్యువులను పోల్చి చూశాకే చెప్పగలం.

ల్యాబ్ లేకుండా ఏమైనా చూడొచ్చా?

కొంత చూడొచ్చు. ఆటు సమయంలో విశాఖ తీరంలో రాళ్ల మధ్య నీటి గుంటల్లో సీ అనిమోన్‌లు కనిపిస్తాయి. వేలితో మెల్లగా తాకితే చేతులన్నీ టక్కున ముడుచుకుంటాయి, అది వేగంగా వెళ్లే నాడీ సంకేతం. తర్వాత కదలకుండా పది నిమిషాలు కూర్చుని చూడండి. ఒళ్లు మెల్లగా పొడుగవుతూ, కుదించుకుంటూ ఉంటుంది. అనిమోన్‌లలో 1986లో దొరికిన ఆంథో ఆర్ఎఫ్ అమైడ్ ల్యాబులో పెంచింది ఇలాంటి నెమ్మది సంకోచాలనే. సముద్ర దోసకాయ కనిపిస్తే మాత్రం చూసి వదిలేయండి. మన దేశంలో 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటిని పట్టుకోవడం నేరం.